సాఫ్ ఆవాజ్, సచ్చీ ఆవాజ్: ఖవ్వాలీ రికార్డింగుల తారీఖ్



మన తెలుగు ముస్లిం ఇళ్లల్లో చాలా చోట్ల అల్మారీ పై అరలోనో, పాత సందూఖ్ అడుగునో ఇంకా కొన్ని క్యాసెట్లు ఉన్నాయి. ఏదో ఉర్సులో, షాదీలో, మీలాద్ జల్సాలో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నవి. పైన ఇంకుతో రాసిన పేరు సగం చెరిగిపోయి ఉంటుంది. పిల్లలకు వినిపిస్తే అర నిమిషం విని "క్వాలిటీ అస్సలు లేదు" అంటారు. వాళ్లన్నది అబద్ధం కాదు. గరగర ఉంటుంది. తాళీల చప్పుడు గొంతును మింగేస్తుంది. మధ్యలో ఎవరో దగ్గుతారు, ఇంకెవరో "సుబ్హానల్లాహ్" అంటారు. అదే కలామ్ ఫోన్‌లో వెతికితే అద్దంలాంటి రికార్డింగ్ దొరుకుతుంది. మరి ఈ పాత క్యాసెట్లు ఎందుకు దాచుకోవాలి?

ఈ సవాల్‌కి జవాబు కావాలంటే ఆవాజ్‌ను పట్టే మెషీన్ల తారీఖ్ కొంచెం తెలియాలి. గడిచిన నూట ఇరవై ఏళ్లలో వచ్చిన ప్రతి మెషీన్ ఖవ్వాలీకి ఒకటి ఇచ్చింది, ఒకటి తీసుకుంది. 'ఖవ్వాలీ అంటే ఇట్లా ఉంటుంది' అని మన చెవులకు నేర్పింది కూడా చాలావరకు ఆ మెషీన్లే. సాఫ్‌గా ఉన్న ఆవాజ్, సచ్చాగా ఉన్న ఆవాజ్ అన్నిసార్లూ ఒకటి కావు. ఈ ఫరక్ తెలియకపోతే మన బుజుర్గుల అమానత్‌ను మన చేతులతోనే చెత్తలో వేస్తాం.

ఒక మాట ముందే చెప్పాలి. సమా విషయంలో ఉలమాల మధ్య పాత ఇఖ్తిలాఫ్ ఉంది. చిష్తీ బుజుర్గులు షరతులు పెట్టుకుని విన్నారు, ఎందరో వద్దన్నారు. ఆ మస్‌అలా తేల్చే హైసియత్ నాది కాదు. ఇక్కడ మాట్లాడేది తారీఖ్ మాత్రమే.

ఖిలా నుంచి దర్గా దాకా

ఖిలా వరంగల్ పేరూ ఖవ్వాలీ పేరూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. ఆయన హజ్రత్ అమీర్ ఖుస్రో. అలావుద్దీన్ ఖిల్జీ ఫౌజ్ తీసుకుని మలిక్ కాఫూర్ 1310లో వరంగల్‌ను ముట్టడించిన సంగతిని ఖుస్రో తన ఫార్సీ కితాబ్ 'ఖజాయినుల్ ఫుతూహ్'లో రాశారు. ఇక్కడి మట్టికోట గోడ ఎంత గట్టిదో కూడా అందులో తారీఫ్ చేశారు. ఈనాటికీ ఖిలా వరంగల్‌కు పోయేవాళ్లు ఆ మట్టికట్టను దాటే లోపలికి పోతారు. అదే ఖుస్రో ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా రహ్మతుల్లాహ్ అలైహి మురీద్. ఖవ్వాల్ ఘరానాలు తమ ఫన్‌కి మూలం ఆయనే అని చెప్పుకుంటాయి. పీరూ మురీదూ ఇద్దరూ 1325లోనే వఫాత్ అయ్యారు. దానికి రెండేళ్ల ముందు, 1323లో, ఉలూగ్ ఖాన్ వరంగల్‌ను గెలిచి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు.

ఖిలా లోపల ఇప్పటికీ నిలబడి ఉన్న కట్టడాల్లో ఖుష్ మహల్ ఒకటి. షితాబ్ ఖాన్ మహల్ అని కూడా అంటారు. లోపలికి వాలిన మందపాటి గోడలు, పెద్ద పెద్ద కమాన్లు చూసి అది తుగ్లక్ జమానా తీరు అని తారీఖ్ రాసేవాళ్లు చెప్తారు. అట్లాంటి రాతి హాల్లో నిలబడి ఒక్క మాట గట్టిగా అని చూడండి. ఆవాజ్ అక్కడే ఆగిపోదు. గోడలకు తగిలి తిరిగొస్తుంది, మాట మీద మాట పడుతుంది, సన్నటి గొంతు కూడా నిండుగా వినిపిస్తుంది. అదే గొంతు బయట మట్టికట్ట మీద నిలబడి ఎత్తితే గాలిలో కలిసిపోతుంది. అంటే మెషీన్ అనేది పుట్టకముందు కూడా ఆవాజ్ ఎట్లా ఉండాలో జగా ఫైసలా చేసేది. గచ్చు సహన్‌లో పాడే ఖవ్వాల్, షామియానా కింద పాడే ఖవ్వాల్ ఒకే తీరుగా పాడరు. గొంతు ఎంత ఎత్తాలి, తాళీ ఎంత గట్టిగా కొట్టాలి, మిస్రా మిస్రాకు మధ్య ఎంత ఆగాలి, ఇదంతా జగాను బట్టి మారుతుంది.

నగరానికి ఇంకో కొసన కాజీపేట. వరంగల్ ఖాజీగా ఉన్న హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ రహ్మతుల్లాహ్ అలైహి 1856లో వఫాత్ అయ్యారు. ఆ ఊరి పేరులో ఉన్న 'కాజీ' కూడా ఆ ఖాజీ అనే మాటే. సఫర్ నెలలో జరిగే ఆయన ఉర్సుకు ముస్లింలే కాదు, చుట్టుపక్కల ఊళ్ల హిందువులూ వస్తారు. ఓరుగల్లు వైపు చాలా కుటుంబాలు ఖవ్వాలీని ముందు విన్నది రికార్డులో కాదు, ఇట్లాంటి ఉర్సుల్లో.

ఉర్సు మెహఫిల్‌లో ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. ముందు హార్మోనియం మీద నగ్మా. తర్వాత హమ్ద్, నాత్, మన్‌ఖబత్. ఖవ్వాల్ ఒక మిస్రా ఎత్తుకుంటాడు, హమ్‌నవాలు అందుకుంటారు. ఎదుట కూర్చున్నవాళ్లలో ఎవరికైనా ఆ మిస్రా దిల్‌కు తగిలితే ఖవ్వాల్ దాన్ని వదలడు. అదే మాట పదిసార్లు, ఇరవైసార్లు తిప్పుతాడు. ఇదే తక్రార్. మధ్యలో వేరే షాయర్ షేర్ ఒకటి తెచ్చి ముడి వేస్తాడు. దాన్ని గిరహ్ అంటారు. నజ్‌రానా ఇవ్వడానికి ఎవరో లేస్తారు, పాట ఆగదు. రెగులా బర్క్‌హార్ట్ ఖురేషీ అనే పరిశోధకురాలు 1986లో ఖవ్వాలీ మీద ఒక పెద్ద కితాబ్ ప్రచురించారు. దాని సారాంశం ఇదే: ఖవ్వాల్ వినేవాళ్లను చూస్తూ పాడతాడు, వాళ్ల హాల్‌ను బట్టి పాట నడుస్తుంది. అంటే సామయీన్ కూడా పాటలో హిస్సేదార్లే. ఈ ఒక్క సంగతి యాద్ పెట్టుకుంటే తర్వాతి తారీఖ్ అంతా సులువుగా అర్థమవుతుంది.

మూడు నిమిషాల ఖైదు

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ నుంచి ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తాకు వచ్చి రికార్డింగులు చేశాడు. ఆ రోజుల్లో పాడి దేశమంతా మషూర్ అయిన గొంతు గౌహర్ జాన్‌ది. అప్పటికి మైకు లేదు, కరెంటు రికార్డింగ్ లేదు. ఒక పెద్ద బూర లాంటి గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడాలి. గొంతు అదురుకు సూది కదిలి మైనం మీద గీత గీస్తుంది. ఆ మైనపు ముద్రలు ఓడలో జర్మనీలోని హానోవర్‌కు పోయి రికార్డులై తిరిగి రావాలి. అక్కడివాళ్లకు ఏ రికార్డు ఎవరిదో తెలియాలి కాబట్టి గౌహర్ జాన్ పాట చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. జనం దాన్ని ఆమె స్టయిల్ అనుకున్నారు. నిజానికి అది ఫ్యాక్టరీ జరూరత్.

ఆ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. గంట నడిచే ఖవ్వాలీని మూడు నిమిషాల్లో పెట్టాలంటే ఏం తీసేస్తారు? ముందు నగ్మా పోతుంది. తక్రార్ పోతుంది. గిరహ్ పోతుంది. మిగిలేది ఒక ముఖ్డా, రెండు మూడు బంద్‌లు. గొట్టం ముందు డోలక్ గట్టిగా మోగితే సూది అదిరిపోతుంది కాబట్టి దాన్ని దూరం పెట్టాలి. అందరికంటే ముఖ్యమైనది, ఎదుట సామయీన్ లేరు. ఖవ్వాల్ చూస్తున్నది ఒక గొట్టాన్ని. ఎవరి దిల్‌కు ఏ మిస్రా తగిలిందో తెలిసే దారి లేదు.

1925 ప్రాంతంలో అమెరికాలో కరెంటు మైకు రికార్డింగ్ మొదలై త్వరలోనే మన దేశానికీ వచ్చింది. అప్పటి నుంచి గుసగుసలాడే గొంతు కూడా రికార్డు ఎక్కగలిగింది. గట్టి గొంతు ఉంటేనే గాయకుడు అనే పాత షరతు పోయింది. లేకిన్ మూడు నిమిషాల ఖైదు మాత్రం 78 రికార్డు ఉన్నంత కాలం ఉంది. మన దాదా, నానా తరంలో గ్రామఫోన్ ఉన్న దీవాన్‌ఖానాల్లో ఖవ్వాలీ అంటే ఈ పొట్టి ఖవ్వాలీనే.

దక్కన్ రేడియో, ఫిల్ములు, ఎల్పీ

హైదరాబాద్ రియాసత్‌లో 1935 నుంచి దక్కన్ రేడియో నిజాం సర్కార్ చేతిలో నడిచింది. వరంగల్ కూడా ఆ రియాసత్‌లోదే. రేడియో గాయకుడిని స్టూడియోలో కూర్చోబెట్టింది. టైము గడియారం చెప్తుంది, మెహఫిల్ చెప్పదు. అయినా రికార్డు కంటే కాస్త నిడివి దొరికింది.

తర్వాత ఫిల్ములు వచ్చాయి. 1945లో వచ్చిన 'జీనత్' ఫిల్ములో నూర్ జహాన్, జోహరాబాయి అంబాలేవాలీ, కల్యాణి కలిసి పాడిన ఆడవాళ్ల ఖవ్వాలీ పెద్ద హిట్. దర్గా సహన్‌లో మగవాళ్లు పాడే పాట పర్దా మీద బేగమ్‌ల మెహఫిల్‌లోకి వచ్చింది. 1960లో 'బర్సాత్ కీ రాత్' కోసం రోషన్ చేసిన ఖవ్వాలీలను ఇప్పటికీ తలుచుకుంటారు. మన్నా డే, ఆశా భోస్లే, సుధా మల్హోత్రా, బాతిష్, రఫీ సాహెబ్, ఇంతమంది గొంతులు కలిపి పెద్ద సాజ్‌తో స్టూడియోలో కుట్టిన ఖవ్వాలీ అది. వినడానికి మెహఫిల్‌లా ఉంటుంది. అందులోని వాహ్ వాహ్‌లు, సవాల్ జవాబులు అన్నీ ముందే కాగితం మీద రాసుకున్నవి. హునర్‌లో దానికి సాటి లేదు. కాకపోతే ఆ తర్వాత షాదీల్లో ఖవ్వాల్‌ను పిలిచినవాళ్లు "ఫిల్ము లెక్క పాడు" అనడం మొదలైంది.

ఎల్పీ రికార్డు అమెరికాలో 1948లో వచ్చింది. ఒక వైపు ఇరవై నిమిషాల పైన పడుతుంది. ఖవ్వాలీకి మళ్లీ కాస్త ఊపిరి తిరిగింది. మన వైపు నుంచి ఈ దౌర్‌లో నిలబడిన పేరు హైదరాబాద్‌కు చెందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ సాహెబ్. వాళ్ల బుజుర్గులు ఢిల్లీ దర్బార్ గాయకులని, 1857 గదర్ తర్వాత దక్కన్‌కు వచ్చారని ఆ ఖాందాన్ రివాయత్. 1971లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఈనాడు వార్సీ బ్రదర్స్‌గా తెలిసిన నజీర్, నసీర్ సాహెబులు ఆయన మనవళ్లు. వార్సీ సాహెబ్ రికార్డులు విన్నవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. స్టూడియో శుభ్రం వల్ల ఫార్సీ లఫ్జ్ ఒక్కొక్కటీ ముత్యంలా వినిపిస్తుంది. తలఫ్ఫుజ్ నేర్చుకోవాలంటే అంతకంటే మంచి సబక్ లేదు. సాఫ్ రికార్డింగ్ ఇచ్చే ఫాయిదా ఇది, దాన్ని తక్కువ చేయకూడదు.

క్యాసెట్ దౌర్

క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. మన ఇళ్లకు అది చేరింది 1970ల చివర, 80లలో. ఎట్లా చేరిందో పెద్దవాళ్లకు తెలుసు. కరీంనగర్, నిజామాబాద్, వరంగల్, హైదరాబాద్ నుంచి దుబాయి, సౌదీ పోయిన మన మామూలు, చాచాలు తిరిగొస్తూ చేతిలో టూ-ఇన్-వన్ పట్టుకొచ్చారు. అటు 1983లో గుల్షన్ కుమార్ పెట్టిన సూపర్ క్యాసెట్స్, అంటే టీ-సిరీస్, క్యాసెట్ ధరను పడగొట్టింది. అంతవరకూ రికార్డు అంటే హెచ్ఎంవీనే. ఇప్పుడు ఒక చిన్న షాపువాడు కూడా నాత్‌లు, ఖవ్వాలీలు అచ్చేసి అమ్ముకోవచ్చు. పీటర్ మాన్యువల్ అనే పరిశోధకుడు 1993లో ఈ మార్పు మీద ఒక పూర్తి కితాబే ప్రచురించాడు.

క్యాసెట్ ఖవ్వాలీకి రెండు పెద్ద ఈనామ్‌లు ఇచ్చింది. ఒకటి వక్త్. సీ-60 క్యాసెట్ ఒక వైపు అరగంట, సీ-90 అయితే ముప్పావుగంట. తక్రార్, గిరహ్ అన్నీ వెనక్కి వచ్చాయి. రెండోది, రికార్డు చేసే ఇఖ్తియార్ మామూలు మనిషి చేతికొచ్చింది. కంపెనీ పిలవని ఖవ్వాల్ కూడా, ఉర్సులో స్టేజీ ముందు పెట్టిన టేప్ రికార్డర్‌లోకి ఎక్కాడు. తెలుగు మాట్లాడే మన ఊళ్లలో పాడిన, పేరు ఏ కేటలాగ్‌లోనూ లేని గాయకుల ఆవాజ్ మిగిలి ఉంటే ఇట్లాంటి టేపుల్లోనే మిగిలింది.

బదులుగా తీసుకున్నది సఫాయి. ఆ చిన్న మైకుకు దూరం తెలియదు. దగ్గర కూర్చున్నవాడి తాళీ పెద్దగా, దూరం ఉన్న ఖవ్వాల్ గొంతు చిన్నగా పడుతుంది. లౌడ్ స్పీకర్ నుంచి వచ్చే ఆవాజ్ గీరుకుపోతుంది. బ్యాటరీ దిగిపోతుంటే టేపు మెల్లగా తిరుగుతుంది, తర్వాత మామూలు వేగంతో వినిపిస్తే గొంతు సన్నగా, ఉరుకుతున్నట్టు వస్తుంది. ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ చేసుకుంటే ప్రతి కాపీకీ గరగర పెరుగుతుంది. అయినా ఆ టేపులో ఖవ్వాల్ ఏ మిస్రాను ఎందుకు తిప్పాడో తెలుస్తుంది, ఎందుకంటే ఆ మిస్రాకు లేచిన ఆవాజ్‌లు కూడా అందులోనే ఉన్నాయి.

మన తెలంగాణలోనే దీనికి ఇంకో మిసాల్ ఉంది. 1972లో మొదలైన జన నాట్య మండలి పాటలు, గద్దర్ గొంతు, ఊరూరికీ పాకింది క్యాసెట్ల మీదే. డప్పు, గొంగడి, గొంతు. వాటిని పెద్ద స్టూడియోలో వయొలిన్లు పెట్టి నున్నగా చేసి ఉంటే జనం నమ్మేవాళ్లా? గరుకుతనమే అక్కడ గవాహీ. ఈ మనిషి మన మధ్య నిలబడి పాడుతున్నాడని చెప్పేది అదే.

పంక్ వాళ్ల బహస్

ఇదే బహస్ గోరా దేశాల్లో రాక్, పంక్ పాటల చుట్టూ యాభై ఏళ్లుగా నడుస్తోంది. పంక్ అంటే 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ కుర్రవాళ్లు మొదలుపెట్టిన పాట. పెద్ద సాజ్ లేదు, పెద్ద చదువు లేదు, మూడు తీగల గత్తులు, గట్టి గొంతు, కోపం. వాళ్ల కలామ్‌తో మనకు పని లేదు. రికార్డింగ్ గురించి వాళ్లు పడ్డ తగవు మాత్రం మనకు పనికొస్తుంది.

రామోన్స్ అనే బృందం తమ మొదటి ఆల్బమ్‌ను 1976లో సుమారు 6,400 డాలర్లలో ముగించింది. పెద్ద బృందాలు నెలల తరబడి స్టూడియోలో కూర్చునే రోజులవి. డబ్బు లేకపోవడమే ఆ ఆల్బమ్‌కు ఒక రూపం ఇచ్చింది. తర్వాత వచ్చినవాళ్లు అదే రూపాన్ని కావాలని కోరుకున్నారు. ఇక్కడ మోసపోకూడదు. లండన్‌లో 1977లో వచ్చిన సెక్స్ పిస్టల్స్ ఆల్బమ్ గరుకుగా వినిపిస్తుంది కానీ, దాని వెనక క్రిస్ థామస్ అనే అనుభవమున్న ప్రొడ్యూసర్ ఉన్నాడు, గిటార్‌ను పొర మీద పొర వేసి రికార్డు చేశారు. అంటే గరుకుతనాన్ని కూడా మేకప్‌లా పూయవచ్చు.

1991లో నిర్వాణా అనే బృందం ఆల్బమ్ 'నెవర్‌మైండ్' నున్నటి మిక్సింగ్‌తో ప్రపంచమంతా అమ్ముడైంది. అదంత నున్నగా ఉండటం వాళ్లకే నచ్చలేదు. తర్వాతి ఆల్బమ్‌కు, 1993లో, స్టీవ్ అల్బినీని పిలిచారు. ఆయన తనను ప్రొడ్యూసర్ అనొద్దనేవాడు, అమ్మకాల్లో హిస్సా తీసుకునేవాడు కాదు. గదిలో మైకులు సరైన చోట పెట్టి, వాయించేవాళ్లను వాయించనిచ్చి, గది ఆవాజ్‌ను కూడా పట్టడం ఆయన ఉసూల్. అప్పుడు కంపెనీ వైపు నుంచి ఇబ్బంది వచ్చింది. చివరికి కొన్ని పాటలను ఇంకొకరితో మళ్లీ మిక్స్ చేయించారు. 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో క్యాసెట్ మీద నమూనాగా పాడుకున్న పాటలను తర్వాత బృందంతో స్టూడియోలో పాడి చూశాడు. ఆ క్యాసెట్‌లో ఉన్న ఒంటరితనం స్టూడియోలో రాలేదు. ఆఖరుకు ఆ క్యాసెట్‌నే 'నెబ్రాస్కా' పేరుతో ఆల్బమ్‌గా విడుదల చేశారు.

వీటన్నిటి నుంచి నాకు తెలిసిన సబక్ ఏమిటంటే, రికార్డింగ్ నాణ్యత అనేది తక్కువ నుంచి ఎక్కువకు పోయే ఒకే నిచ్చెన కాదు. ఏ పాటకు ఏది దాచాలి, ఏది వినిపించాలి అన్న ఫైసలా అది. ఆ ఫైసలా ఎవరు చేశారో తెలుసుకోవాలి. గాయకుడా, కంపెనీయా, మెషీనా?

నుస్రత్ సాహెబ్ రెండు ఆవాజ్‌లు

రాక్ స్టూడియో, ఖవ్వాలీ రెండూ ఎదురుపడిన ఘట్టం నుస్రత్ ఫతే అలీ ఖాన్ సాహెబ్ జీవితంలో ఉంది. ఫైసలాబాద్‌లోని రహ్మత్ గ్రామఫోన్ హౌస్, తర్వాత ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఓరియంటల్ స్టార్ ఏజెన్సీస్ ఆయన రికార్డులు, క్యాసెట్లు తెచ్చాయి. వాటిలో ఖవ్వాలీ తన పూర్తి నిడివితో, పార్టీ మొత్తం తాళీలతో నడుస్తుంది. 1985లో ఆయన ఇంగ్లండ్‌లో వోమాడ్ ఫెస్టివల్‌లో పాడారు. దాని వెనక ఉన్న పీటర్ గేబ్రియల్ స్వయంగా రాక్ గాయకుడు. ఆయన పెట్టిన రియల్ వరల్డ్ కంపెనీ 1989లో 'షహెన్‌షా' ఆల్బమ్ తెచ్చింది. సాఫ్‌గా, అయినా ఖవ్వాలీ తీరు చెడకుండా చేసిన పని అది.

1990లో వచ్చిన 'మస్త్ మస్త్' వేరే దారి. మైకేల్ బ్రూక్ అనే గిటారిస్టు దాన్ని తయారుచేశాడు. సాజ్ వేరు, పాట నిడివి చిన్నది, టేపును కోసి అతికించే ఎడిటింగ్ ఎక్కువ. భాష రానివాళ్లు కోయడంతో కొన్ని చోట్ల మాట సగంలో తెగి మానీ లేకుండా పోయింది. నుస్రత్ సాహెబ్ దాన్ని ఒప్పుకోలేదని బ్రూక్ తర్వాత తానే చెప్పాడు. చెవికి ఇంపుగా ఉంటే చాలు అనుకున్నవాడికి ఆ కోత కనిపించదు. కలామ్‌ను అమానత్‌గా మోసేవాడికి వెంటనే కనిపిస్తుంది. అయినా ఆ ఆల్బమ్ వల్లనే లక్షలమంది కొత్త చెవులకు ఆయన ఆవాజ్ చేరింది. ఇచ్చింది, తీసుకుంది అని మొదట అన్నది ఇదే.

ఇంకో సంగతి. 1990లో రియల్ వరల్డ్ స్టూడియోలో ఆయన పాడిన కొన్ని ఖవ్వాలీల టేపులు వాళ్ల గోదాములోనే ఉండిపోయాయి. ఆయన 1997లో వఫాత్ అయ్యారు. ఆ టేపులు 2024లో 'చైన్ ఆఫ్ లైట్' పేరుతో బయటికి వచ్చాయి. ముప్పై నాలుగేళ్ల తర్వాత. అది సాధ్యమైంది ఎందుకంటే ఎవరో ఆ టేపును పారేయలేదు, పైన పేరు రాసి పెట్టారు.

ఇప్పటి జమానా

ఇప్పుడు ఫోన్‌లోనే స్టూడియో ఉంది. సుర్ తప్పితే సరిదిద్దే సాఫ్ట్‌వేర్ 1997 నుంచే ఉంది. ఏ చిన్న గదిలో పాడినా పెద్ద గుంబద్ కింద పాడినట్టు ఎకో వేసుకోవచ్చు. ఈనాటి చాలా నాత్ వీడియోల్లో వినిపించే ఆ గుంబద్ ఎక్కడా లేదు, అది ఒక బటన్. సాజ్ వాడకూడదన్న ఇహ్తియాత్‌తో కొందరు వెనక జిక్ర్‌నే దరువులా వేస్తారు. దాని మీద కూడా ఉలమా అభ్యంతరం చెప్పారు, అల్లాహ్ పేరును తాళం చేయడమేమిటని. ఇక్కడా సవాల్ అదే: మెషీన్ ఇచ్చే సౌకర్యం కలామ్ అదబ్‌ను మించిపోతోందా?

నేను కొత్త రికార్డింగులకు దుష్మన్‌ను కాను. మంచి మైకు ముందు, మంచి తలఫ్ఫుజ్‌తో పాడిన నాత్ పిల్లలకు నేర్పాలంటే అవే కావాలి. బాధ ఎక్కడంటే, పిల్లల చెవి ఈ నునుపుకే అలవాటుపడి, మెహఫిల్ టేపును 'చెడిపోయినది' అనుకోవడంలో. చెడిపోయిందనుకున్నది పారేస్తారు. లేదా ఇంకో తప్పు చేస్తారు, సాఫ్ చేస్తారు. గరగర తీసే సాఫ్ట్‌వేర్‌కు గరగరకూ తాళీకీ తేడా సరిగా తెలియదు. రెండూ దానికి రొదే. గరగరతో పాటు తాళీ పదును పోతుంది, వెనక కూర్చున్న బుజుర్గ్ మెల్లగా అన్న "మాషా అల్లాహ్" పోతుంది. ఆ బుజుర్గ్ ఆవాజ్ ప్రపంచంలో ఇంకెక్కడా లేకపోవచ్చు. వార్సీ సాహెబ్ రికార్డును కంపెనీ కాపాడుతుంది. మీ దాదాగారి ఆవాజ్‌ను ఏ కంపెనీ కాపాడదు.

అమానత్ కాపాడటం ఎట్లా

కాబట్టి పని మాటలు కొన్ని. టేపు శాశ్వతం కాదు. మన వైపు ఎండ, వానాకాలం తేమ దానికి రెండూ దుష్మన్లే. బూజు పట్టిన టేపును అట్లాగే ప్లేయర్‌లో పెట్టకండి, బూజు ప్లేయర్‌కూ మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. దాన్ని వేరే పెట్టి, తెలిసినవాళ్లకు చూపించండి. బాగున్న టేపునైనా ముందు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి అప్పుడు వినండి. ఏళ్లుగా అతుక్కున్న పొరలు విడుతాయి. ప్లేయర్ హెడ్‌ను సాఫ్ చేశాకే టేపు పెట్టండి. మీద మళ్లీ రికార్డు కాకుండా క్యాసెట్ వెనక ఉన్న చిన్న పలకలు విరిచేయండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ త్రీ కాకుండా వేవ్ ఫైల్‌గా ఎక్కించండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు. మొదటి కాపీని అస్సలు సాఫ్ చేయకండి. గరగరతో, దగ్గుతో, అజాన్‌తో సహా ఉన్నది ఉన్నట్టు పెట్టండి. పిల్లలకు వినిపించడానికి కావాలంటే ఇంకో కాపీ చేసి దాన్ని సాఫ్ చేసుకోండి. అసలు కాపీని రెండు వేర్వేరు చోట్ల దాచండి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్న తమ్ముడి ఇంట్లో.

అన్నిటికంటే జరూరీ, రాసిపెట్టండి. ఏ ఉర్సు, ఏ సంవత్సరం, పాడింది ఎవరు, రికార్డు చేసింది ఎవరు. మధ్యలో మాట్లాడింది ఎవరో గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ వారమే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినండి. "ఇది ఫలానా మామూ, ఇది మీ నానీ" అని వాళ్లు చెప్తుంటే ఫోన్‌లో అది కూడా రికార్డు చేయండి. ఖిలా వరంగల్ గురించి ఖుస్రో రాశారు కాబట్టి ఏడు వందల ఏళ్ల తర్వాత మనం చదువుకుంటున్నాం. మన ఊళ్ల మెహఫిల్‌ల గురించి రాసేవాళ్లు తక్కువ. వాటికి ఉన్న గవాహీ ఆ గరగర టేపులే.

మీ ఇంట్లో అట్లాంటి క్యాసెట్ ఉంటే దువా చేస్తూ బయటికి తీయండి. అల్లాహ్ మన బుజుర్గుల మగ్ఫిరత్ చేయుగాక, వాళ్ల అమానత్‌ను మన పిల్లల దాకా చేర్చే తౌఫీఖ్ మనకిచ్చుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.